దుఖాన్ బస్సూ, స్టోన్‌బరీ రైలూ

పట్టాలు లేని దేశంలో

నేను ఖతర్ వెళ్తున్నానని చెప్పగానే మా బావమరిది అడిగిన మొదటి మాట, "అక్కడ రైళ్ళున్నాయా బావా?" అని. లేవన్నాను. "మరి రైల్వే ట్రాఫిక్కులో నలిగినోడితో ఆళ్ళకేం పనంట? పడవ సరంగుని తీసుకెళ్ళి ఎడారిలో దింపినట్టుంది నీ యవ్వారం!" అని పడీ పడీ నవ్వాడు. మా కోనసీమలో వెటకారానికి ఎప్పుడూ కరువు లేదు. నిజానికి నాకూ జవాబు తెలియదు. బొంబాయిలో ఇంటర్వ్యూ చేసినవాళ్ళు టైమ్‌టేబుల్ వేయడం వచ్చా అని అడిగారు, వచ్చన్నాను, టికెట్ ఇచ్చి పంపేశారు.

అవి తొంభైల మొదటి రోజులు. నేను చేరిన కంపెనీ దుఖాన్‌లో చమురు పనివాళ్ళకి బస్సులు నడిపేది. దుఖాన్ అంటే ఖతర్‌కి పడమటి ఒడ్డు. ఆ దేశంలో మొట్టమొదట నూనె పడింది అక్కడే. స్టాఫ్ క్వార్టర్లు, పనివాళ్ళ క్యాంపులు, ఒక క్లినిక్కు, కాసిని కొట్లు, అంతే ఊరు. రాజధాని దోహా తూర్పు ఒడ్డున ఉంటుంది. మధ్యలో రాళ్ళూ, ఇసుకా, ఒక రోడ్డు. ఆ రోడ్డు మీద తిరిగే బస్సుల వేళలు చూడటం నా ఉద్యోగం.

మా పేట పిల్లలిద్దరు ఇప్పుడు అదే దేశంలో రైళ్ళ పనిలో ఉన్నారు. ఒకడు దోహాలో మెట్రోకి, ఇంకొకడు లుసైల్‌లో ట్రామ్‌కి. మా రోజుల్లో లుసైల్ అంటే ఉప్పునేల, గాలి. మొన్న సెలవులకి వచ్చినప్పుడు, "మీరున్నప్పుడు ఎలా ఉండేదండీ అక్కడ?" అని అడిగారు. వాళ్ళ కోసమే ఈ రాత. నాకు ఏ గ్రేడు ఎప్పుడొచ్చిందో, సెలవు చీటీ మీద ఎవరెవరు సంతకం పెట్టాలో రాయను. అవి ఏ దేశంలోనైనా ఒకే రకం తలనొప్పి.

అసలు పనేమిటో ముందే చెప్పేస్తాను. బండిని నడపడం డ్రైవరు చేస్తాడు. మన పని, ఒక బండి దిగినవాడికి ఇంకో బండి అందించడం. భీమవరం జంక్షన్‌లో నేను నేర్చుకున్న మొదటి పాఠం అది. మెయిలు ఆలస్యంగా వస్తే నరసాపురం పాసింజరుని ఆపేవాళ్ళం. మెయిల్లోంచి దిగినవాళ్ళు పెట్టెలూ పిల్లలూ పట్టుకుని వంతెన దిగి పరుగెత్తుకొస్తుంటే, గార్డు జెండా చుట్టేసి తాపీగా నిలబడేవాడు. ఆ ఆపడంలో రైల్వే అంతా ఉందని నాకు అప్పుడు తెలియదు. ఖతర్ వెళ్ళాక ఒక ఇంగ్లీషాయన చెబితే తెలిసింది.

పెర్రీ దొర

ఆయన మా ట్రాన్స్‌పోర్ట్ సూపరింటెండెంట్. పేరు పెర్రీ. మేం తెలుగువాళ్ళం మాలో మేం "పెర్రీ దొర" అనుకునేవాళ్ళం, మొదట వెటకారంగా, తర్వాత ఇష్టంగా. వానే పడని దేశంలో గొడుగు పట్టుకు తిరిగేవారు, నీడ కోసం. ఆ ఎండలో కూడా టై కట్టుకునేవారు, టోపీ పెట్టుకునేవారు. ఆయన కాచే టీ అంత పాడు టీ నేను జన్మలో తాగలేదు.

నా సర్వీసులో చాలామంది బాసుల్ని చూశాను. ఒకాయన ఏసీ గది తలుపు దాటకుండానే మొత్తం దేశం తిరిగినట్టు మాట్లాడేవాడు. ఇంకొకాయనకి బస్సులంటే రంగులే, శుభ్రంగా కడిగారా లేదా అన్నదే ఆయన చింత. పెర్రీ దొర వారానికో రూటు చొప్పున బస్సెక్కేవారు, అదీ ఆఖరి సీట్లో, వెనక చక్రం మీద. ముందు సీటు ఖాళీగా ఉంది కదండీ అంటే, "ముందు కూర్చుంటే డ్రైవరు సంగతి తెలుస్తుంది, వెనక కూర్చుంటే ప్రయాణికుడి సంగతి తెలుస్తుంది" అనేవారు. నేను చేరిన మొదటి వారంలోనే నాకు ఒక్కటే రూలు చెప్పారు. ఎక్కని బస్సుకి టైము వేయొద్దని.

ఇంకో పట్టింపు, టైము. ఒకసారి ఫీల్డు నుంచి క్వార్టర్లకి వచ్చే బస్సు ఒక పెద్ద ఆఫీసరు గారిని వదిలేసి వచ్చేసింది. ఆయన తాపీగా కాఫీ తాగి వచ్చేసరికి బస్సు లేదు. మర్నాడు మా ఆఫీసులో ఊగిపోయారు. పెర్రీ దొర ఆయనకి కుర్చీ వేసి, ఆ పాడు టీ ఇచ్చి, "మీరు రాలేదు సరే. వేళకి వచ్చి ఎండలో కూర్చున్న వాళ్ళంతా ఏం తప్పు చేశారు?" అని అడిగారు. దొర కోపం వచ్చినకొద్దీ గొంతు తగ్గించి మాట్లాడే మనిషి. ఆ రోజు ఆయన మాట వినడానికి ఆఫీసరు గారు ముందుకి వంగాల్సి వచ్చింది. ఆఫీసరు గారు ఇంకెప్పుడూ కాఫీ దగ్గర ఆలస్యం చేయలేదు.

మధ్యాహ్నం బస్సు

అంత మనిషీ పొరపాటు చేశారు. అది కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ పొరపాటు తర్వాత చేసిన పనే నాకు ఎక్కువ నచ్చింది.

దుఖాన్ నుంచి దోహాకి శుక్రవారం బస్సు మొదలుపెట్టింది ఆయనే. గల్ఫులో వారానికి సెలవు శుక్రవారం. క్యాంపుల్లో వాళ్ళు ఆ ఒక్క రోజు ఊళ్ళోకి వెళ్ళి ఇంటికి ఫోన్ చేసుకోవాలి, బజారు చూడాలి, మనవాళ్ళ మొహాలు చూడాలి. బస్సు సరిగ్గా మధ్యాహ్నం దోహా చేరేలా ఆయన వేళ వేశారు. డ్రైవరు అక్బర్ ఖాన్, పెషావర్ వైపు పఠాను. అతను ఏమీ అనలేదు. మొదటి శుక్రవారం బస్సు దోహా పొలిమేరకి వచ్చేసరికి, రోడ్డు పక్క మసీదు దగ్గర ఆపి, ఇంజిన్ కట్టేసి, "సాబ్, జుమ్మా హై" అని దిగి వెళ్ళిపోయాడు. శుక్రవారం మధ్యాహ్నం నమాజు. సగం బస్సు అతని వెనకే దిగింది. మిగతావాళ్ళం ఆ ఎండలో, ఇనుప పెట్టెలో కూర్చున్నాం. ఆఖరి సీట్లో పెర్రీ దొర.

వేరే బాసు అయితే డ్రైవరుకి మెమో ఇచ్చేవాడు. ఈయన ఆ కాసేపూ ఒక్కో సీటు దగ్గరికీ వచ్చి, "ఇది నా పొరపాటు, క్షమించండి" అని చెప్పారు. మాకు ఎవరికీ ఏం చేయాలో తెలియక లేచి నిలబడ్డాం. అక్బర్ ఖాన్ తిరిగొచ్చాక అతనికీ చెప్పారు. "నాకు ముందే ఎందుకు చెప్పలేదు?" అని అడిగితే అక్బర్ ఖాన్ ఆశ్చర్యపోయి, "జుమ్మా సంగతి ఎవరికైనా చెప్పాలా సాబ్? అందరికీ తెలిసిందే గదా అనుకున్నా" అన్నాడు.

దొర అప్పటి నుంచి బస్సుని పొద్దున్నే బయలుదేరదీసి, నమాజుకి ముందే ఊళ్ళో దింపేలా మార్చారు. తిరుగు ప్రయాణం సాయంత్రం మగ్రిబ్ నమాజు అయ్యాక. ఎండ తగ్గాక, పనులన్నీ అయ్యాక, వెలుగు పూర్తిగా పోకముందే. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి చెప్తున్నాను, ఒక ఊరికి టైమ్‌టేబుల్ వేసేముందు ఆ ఊరు ఎప్పుడు తింటుందో, ఎప్పుడు మొక్కుతుందో కనుక్కోండి.

సుగుణమ్మ శుక్రవారం

ఆ బస్సులో వారం తప్పకుండా వచ్చే మనిషి సుగుణమ్మ. మా రాజోలు వైపు పిల్ల. దుఖాన్ క్వార్టర్లలో ఒక ఇంజినీరు గారింట్లో పిల్లల్ని చూసే పని. ఆమె భర్త ఏసుపాదం దోహాలో, ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే పేటలో ఒక ఖతరీ కుటుంబానికి హౌస్ డ్రైవరు. ఇద్దరూ ఒకే దేశానికి వెళ్తున్నాం కదా అని సంబరంగా వచ్చారు. వచ్చాక తెలిసింది, ఒక దేశంలో ఉండటం వేరు, ఒక ఊళ్ళో ఉండటం వేరు అని. వాళ్ళకి కాపురమంటే శుక్రవారమే.

ఏసుపాదానికి శుక్రవారం పొద్దున డ్యూటీ. యజమానినీ పిల్లల్నీ మసీదుకి తీసుకెళ్ళి, తీసుకొచ్చి, వాళ్ళ భోజనాలయ్యాక వదిలిపెట్టేవాళ్ళు. అప్పటిదాకా సుగుణమ్మ మా ప్రార్థన కూడికలో ఉండేది. ఫరీజ్‌కి దగ్గరలో ఒక తెలుగువాళ్ళ ఇంట్లో శుక్రవారం శుక్రవారం కూడుకునేవాళ్ళం. మధ్యాహ్నం దాటాక ఏసుపాదం వచ్చేవాడు. ఇద్దరూ కలిసి అన్నం తిని, అలా సముద్రం ఒడ్డుకి నడిచి వెళ్ళి, మగ్రిబ్ వేళకి బస్సు దగ్గరికి వచ్చేవాళ్ళు. వాళ్ళని చూస్తే కొత్తగా పెళ్ళయినవాళ్ళు గుర్తొచ్చేవారు, ఒకరి మాట ఒకరు పూర్తిచేసుకుంటూ.

ఒక ఏడాది పెర్రీ దొర సెలవు మీద ఇంగ్లండు వెళ్ళారు. ఆ సమయంలో హెడ్డాఫీసు నుంచి ఆర్డరు వచ్చింది. శుక్రవారం బస్సు తిరుగు వేళ మగ్రిబ్ నుంచి అసర్‌కి, అంటే మధ్యాహ్నం మూడో జాముకి మార్చాలని. డ్రైవరు ఓవర్‌టైము మిగులుతుందట. వద్దని నేను రాశాను. ఇది తాత్కాలికమే అని జవాబొచ్చింది. నా అనుభవంలో ఆఫీసువాళ్ళు తాత్కాలికం అన్నది ఏదీ తర్వాత పోలేదు.

ఆ మార్పుతో బస్సు ప్రాణం పోయింది. పొద్దున వెళ్ళినవాడు నమాజో ప్రార్థనో చేసుకుని, ముద్ద తినేసరికి తిరిగి బస్సెక్కాలి. దానికి అంత దూరం ఎందుకు వెళ్ళడం? ఒక్కొక్కరే మానేశారు. నిండుగా వెళ్ళే బస్సు సగమైంది, ఆ సగమూ పావు అయింది. అప్పుడు హెడ్డాఫీసులో ఖర్చులు చూసే దేశాయ్ గారు మనిషిని పంపి తలకాయలు లెక్కపెట్టించారు. బస్సు ఖాళీగా వస్తోంది, వచ్చే నెల నుంచి రద్దు అని కాగితం వచ్చింది.

దేశాయ్ గారు చెడ్డవారేం కాదు. బొంబాయి మనిషి, తెలివైనవారు, మాటకి నిలబడేవారు. ఆయన లెక్క కూడా నిజమే.

ఆ శుక్రవారం కూడిక అయ్యాక సుగుణమ్మ నా దగ్గరికి వచ్చింది.

"వందనాలండి అన్నయ్యగారూ. బస్సు తీసేత్తారంట గదా? అక్బర్ భాయ్ సెప్పాడు."

"అలాగే కాగితం వచ్చిందమ్మా. దొరగారు ఎల్లుండి వస్తున్నారు, ఆయనతో చెప్తాను."

"మా అమ్మగారు నన్ను టాక్సీలో ఒక్కదాన్నీ పంపరండి. కంపెనీ బస్సు గాబట్టే ఎల్లనిత్తన్నారు. బస్సు లేకపోతే నేనిక్కడ, ఆయనక్కడ. ఆ మాత్రానికి నేను మా ఊళ్ళో ఉన్నా ఒకటే, దుఖాన్‌లో ఉన్నా ఒకటే. ఎల్లిపోతానండి అన్నయ్యగారూ." ఏడవలేదు. చీర కొంగు మడతపెట్టుకుంటూ మామూలుగా చెప్పింది. 

స్టోన్‌బరీ

పెర్రీ దొర సెలవు నుంచి రాగానే కాగితం చూపించాను. చదివి మడిచి జేబులో పెట్టుకున్నారు. "శుక్రవారం ఎక్కుదాం" అన్నారు.

ఎక్కాం. అక్బర్ ఖాన్, సుగుణమ్మ, నేను, ఆయన. అంత బస్సులో నలుగురం. ఆయన ఆఖరి సీట్లోకి వెళ్ళలేదు, మాకు దగ్గరగా వచ్చి కూర్చున్నారు. దుఖాన్ దాటాక కిటికీలోంచి చూస్తూ తమ ఊరి గురించి చెప్పడం మొదలుపెట్టారు. నేను సుగుణమ్మకి తెలుగులో చెప్తూ వచ్చాను.

ఆయన ఊరు స్టోన్‌బరీ. సంత ఊరు. గురువారం సంత. చుట్టుపక్కల పల్లెల నుంచి గొర్రెలూ ఆవులూ వెన్నా గుడ్లూ వచ్చేవట. రైలుకి ముందు గుర్రపు బళ్ళే. వానల్లో కొండ ఎక్కేటప్పుడు ప్రయాణికులే దిగి బురదలో బండిని నెట్టాలి. తర్వాత పెద్ద రైలు మార్గం వేశారు గాని అది వాళ్ళ ఊరికి రాలేదు. తన వేట పొలాల మీంచి పోనివ్వనని అక్కడి భూస్వామి అడ్డం పడితే, లైను అవతలి లోయలోంచి పోయింది. కొన్నేళ్ళు స్టోన్‌బరీ చిన్నబోయింది. చివరికి రైతులూ, గొర్రెల వర్తకులూ, బీరు కాచే ఆయనా కలిసి వాటాలు వేసుకుని, తమ ఊరి నుంచి అవతలి జంక్షన్ దాకా ఒక పిల్ల లైను వేయించుకున్నారు. మొదటి రైలు వచ్చిన రోజు బడికి సెలవిచ్చి బ్యాండు మేళం పెట్టారట.

"అప్పటి నుంచి మా ఊరి పాలు తెల్లారేసరికి లండన్‌లో ఉండేవి" అన్నారాయన. బొగ్గు చవకైంది. సంత రోజున అదనంగా పెట్టెలు తగిలించేవాళ్ళు. పిల్లలు జంక్షన్ ఊళ్ళో పెద్ద బడికి వెళ్ళేవాళ్ళు, దొర కూడా అలాగే చదువుకున్నారు. ఆయన తండ్రి ఆ స్టేషన్ మాస్టరు. ప్లాట్‌ఫారం వెనక చిక్కుడు పాదులు పెట్టి, రైలెక్కేవాళ్ళకి కాయలు పంచేవారట. సాయంత్రం పూట పట్నం నుంచి వచ్చే పెద్ద రైలు ఆలస్యమైతే, పిల్ల రైలు జంక్షన్‌లో దాని కోసం ఆగేది.

"మా భీమవరంలో లాగే!" అన్నాను.

"అవును. అన్ని చోట్లా ఒకటే. తర్వాత లారీలు వచ్చి పాలు పట్టుకెళ్ళాయి. దాన్ని తట్టుకున్నాం. మమ్మల్ని చంపింది లారీ కాదు." ఆయన గొంతు తగ్గింది. "ఎవరో ఆఫీసులో కూర్చుని, సిబ్బంది గంటలు మిగులుతాయని పిల్ల రైలుని కాస్త ముందుకి జరిపారు. పెద్ద రైలు వచ్చే లోపలే అది వెళ్ళిపోతుంది. పట్నం నుంచి దిగినవాళ్ళు దాని వెనక దీపం చూస్తూ నిలబడేవాళ్ళు. ఎన్నాళ్ళు నిలబడతారు? కొందరు కార్లు కొన్నారు, కొందరు పట్నంలోనే గది తీసుకున్నారు. అప్పుడు లెక్కపెట్టడానికి వచ్చారు."

సుగుణమ్మ అందుకుంది. "మన బస్సుకి సేసినట్టే సేసేరన్నమాట."

నేను ఆ మాట చెప్తే ఆయన తలూపారు. లెక్క ఎలా పెట్టారో కూడా చెప్పారు. ప్రతి స్టేషన్ మాస్టరునీ నీ కిటికీలో ఎన్ని టికెట్లు అమ్ముడయ్యాయో రాయమన్నారట. సంతకి వచ్చేవాళ్ళంతా తమ తమ ఊళ్ళలో రానూ పోనూ టికెట్ కొనుక్కుని వచ్చేవాళ్ళు. గురువారం రైలు కిటకిటలాడినా స్టోన్‌బరీ కిటికీలో అమ్మింది కాసిని. తండ్రి నిజాయితీపరుడు, ఉన్నది ఉన్నట్టు రాశారు.

"ఒక్క అంకె తప్పు లేదు. అడిగిన ప్రశ్నే తప్పని ఆయనకి తోచలేదు" అన్నారు దొర. "అరవైల్లో లైను మూసేశారు. బదులుగా బస్సు వేస్తామన్నారు, వేశారు. అది కొండ కింద ఆగేది. ముసలివాళ్ళు ఎక్కలేకపోయారు. అదీ తీసేశారు. సంత జంక్షన్ ఊరికి వెళ్ళిపోయింది. స్టేషన్లో ఇప్పుడు తివాచీలు అమ్ముతున్నారు. మా నాన్న బతికున్నంత కాలం ఆ వీధిలో అడుగు పెట్టలేదు."

 నేను మా కోటిపల్లి రైలు సంగతి చెప్పాను. కాకినాడ నుంచి కోటిపల్లి రేవు దాకా లైను ఉండేదనీ, అక్కడ గోదావరి దాటితే మా కోనసీమ అనీ, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆ పట్టాలు పీకి పట్టుకెళ్ళారనీ.

"మా తాత ఎక్కాడంటండి ఆ రైలు" అంది సుగుణమ్మ ఉత్సాహంగా. "పెళ్ళిసూపులకి. పట్టాలు పీకేసేక మా మామ్మ అనేదంట, ముందే పీకేసుంటే నాకీ మొగుడు తప్పేవోడు అని!"

దానికి పెర్రీ దొర నవ్విన నవ్వుకి అక్బర్ ఖాన్ వెనక్కి తిరిగి చూశాడు. "పట్టాలు పీకే ముందు ప్రయాణికుల్ని లెక్కపెట్టారా?" అని అడిగారు. లేదు, యుద్ధానికి ఇనుము కావాలన్నారు అని చెప్పాను. "మీవాళ్ళే నయం. కారణం మొహం మీదే చెప్పారు."

ఆ మధ్యాహ్నం మేం బస్సు దగ్గరే ఉన్నాం. బయలుదేరే వేళ అవుతుండగా ఏసుపాదం పరుగెత్తుకుంటూ వచ్చాడు, చేతిలో అన్నం పొట్లం. యజమాని ఇంట్లో భోజనాలు అప్పుడే అయ్యాయట. సుగుణమ్మ అతనికి ఇస్త్రీ చేసిన చొక్కాలు ఇచ్చింది, ఆవకాయ సీసా ఇచ్చింది. బస్సు నీడలో నిలబడి ఏవో నాలుగు మాటలు అనుకున్నారు. అక్బర్ ఖాన్ అప్పటికే శుభ్రంగా ఉన్న అద్దాన్ని తుడుస్తూ, తుడుస్తూ, ఇంక తుడవలేక ఇంజిన్ స్టార్ట్ చేశాడు. ఆ వారం వాళ్ళ కాపురం అంతే. పెర్రీ దొర గొడుగు ముడిచి, "ఈ బస్సు ఖాళీ కాలేదు. మనం ఖాళీ చేశాం" అన్నారు.

దేశాయ్ గారి షరతు

మర్నాడు దోహా హెడ్డాఫీసులో దేశాయ్ గారి ముందు కూర్చున్నాం. పెర్రీ దొర స్టోన్‌బరీ ఊసు ఎత్తలేదు. పాత వేళ తిరిగి ఇచ్చి, రంజాన్ వచ్చేలోపు చూడమని మాత్రం అడిగారు.

"మిస్టర్ పెర్రీ, నాకు బస్సుల మీద కోపం లేదు" అన్నారు దేశాయ్ గారు. "ఖాళీ సీట్ల మీద ఉంది. సరే. రెండు షరతులు. సీట్లు నిండాలి, బస్సు వేళకి కదలాలి. డ్రైవరు గంటలు ఒక్క నిమిషం పెరిగినా నేను పైన సమాధానం చెప్పుకోలేను. గడువు ఆఖరి శుక్రవారం నేనే వచ్చి చూస్తాను. ఈ రెంటిలో ఏది తప్పినా మళ్ళీ నన్ను అడగొద్దు."

పెర్రీ దొర ఒప్పుకున్నారు. వేళ సంగతి ఆయనకి చెప్పాలా!

ఒకసారి మానేసిన ప్రయాణికుణ్ణి మళ్ళీ తేవడం కొత్తవాణ్ణి తేవడం కన్నా కష్టం. నేను మా కూడికలో చెప్పాను. అక్బర్ ఖాన్ మసీదులో చెప్పాడు. దొర క్యాంపు మెస్సులకి స్వయంగా వెళ్ళి, అన్నాలు తినేవాళ్ళ మధ్య నిలబడి చెప్పారు. ఆయన ఇంగ్లీషు ఎవరికి అర్థమైందో తెలియదు, మనిషి వచ్చాడన్నది అర్థమైంది. మలయాళీ వంటవాళ్ళు వచ్చారు, నేపాలీలు వచ్చారు, మా గోదావరి వాళ్ళు వచ్చారు. వారం వారం సీట్లు నిండుతూ వచ్చాయి. సుగుణమ్మా ఏసుపాదమూ మళ్ళీ సముద్రం ఒడ్డుకి నడిచారు.

ఆఖరి శుక్రవారం

అన్నట్టుగానే దేశాయ్ గారు వచ్చారు. దోహాలో బస్సెక్కి దుఖాన్ దాకా చూస్తానన్నారు. మగ్రిబ్ నమాజు అయింది, జనం ఎక్కారు. దొర సీటూ నా సీటూ పోను సీట్లన్నీ నిండాయి, ఒక్కటి తప్ప. ఆ ఖాళీ సీట్లో ఆయన కూర్చున్నారు. అది ఎవరి సీటో నాకు తెలుసు.

సుగుణమ్మ రాలేదు. ఆ రోజు కూడిక మధ్యలోనే ఏసుపాదం కారులో వచ్చి ఆమెని పిలుచుకెళ్ళాడు. ఎందుకో నాకు తెలియలేదు.

వేళయింది. అక్బర్ ఖాన్ ఇంజిన్ స్టార్ట్ చేసి పెర్రీ దొర వైపు చూశాడు. ఆయన మెట్టు మీద నిలబడి, వీధి మలుపు వైపు చూస్తున్నారు. కదలమనలేదు.

"మిస్టర్ పెర్రీ, వేళయింది" అన్నారు దేశాయ్ గారు.

"అయింది."

"నా షరతు గుర్తుందా?"

"ఉంది."

 ఒక్క మనిషి కోసం ఇంతమంది బస్సు పోతుందా అనిపించింది నాకు. దగ్గరికి వెళ్ళి, "సార్, బయలుదేరదాం. నేను దిగి ఉంటాను, ఆమె వస్తే ఎలాగో తీసుకొస్తాను" అన్నాను. ఆయన గొంతు ఎంత తగ్గిందంటే, ఇంజిన్ చప్పుడులో చెవి ఒగ్గి వినాల్సి వచ్చింది.

"వేళకి కదలడం వచ్చినవాళ్ళకి మర్యాద. కాని ఇది ఆఖరి బస్సు, సామ్యూల్. దీని తర్వాత ఆ రోడ్డు మీద ఏమీ లేదు. ఆఖరి బస్సు వెనక్కి చూడకుండా కదిలితే, అది పొద్దున తీసుకొచ్చినవాళ్ళని మోసం చేసినట్టు."

దేశాయ్ గారు బస్సులో జనం వైపు తిరిగారు. ఎవరైనా విసుక్కుంటారని చూశారేమో. వెనకనుంచి ఒక నేపాలీ అతను, "రుకో సాబ్, బెహన్‌జీ ఆయేగీ" అన్నాడు, ఆగండి, చెల్లెమ్మ వస్తుంది అని. ఇంకెవరో అదే మాట మలయాళంలో అన్నారు. ఒక్కరూ గడియారం చూడలేదు. చూసింది దేశాయ్ గారూ, నేనూ.

అప్పుడు మలుపులోంచి తెల్లకారు వచ్చింది. పూర్తిగా ఆగకముందే సుగుణమ్మ తలుపు తీసింది. చీర మీద మందు మరకలు, జుట్టు రేగిపోయి ఉంది. ఏసుపాదం యజమాని గారి చిన్నపిల్లాడికి జ్వరంతో ఒళ్ళు కాలిపోయి ఫిట్సు వచ్చాయట. తల్లి భయపడిపోతే, పిల్లల్ని పెంచే మనిషి కదా అని ఈమెని పిలిచారు. ఆసుపత్రిలో పిల్లాణ్ణి ఒళ్ళోంచి దించకుండా కూర్చుంది.

"ఇప్పుడు బాగానే ఉన్నాడండి. పాలు తాగేడు" అంది ఆయాసపడుతూ. "బస్సెల్లిపోయుంటాదనుకున్నానండి అన్నయ్యగారూ. ఆయన పోనీ సూద్దాం అన్నాడు."

ఏసుపాదం పెర్రీ దొర చెయ్యి రెండు చేతులా పట్టుకున్నాడు. "అన్నయ్యగారూ, ఈయనకి సెప్పండి..." అని నా వైపు తిరిగాడు. దొర అతని భుజం తట్టి, "యల్లా, కారు తియ్యి, బస్సుకి అడ్డం" అన్నారు. ఆ ఇంగ్లీషు మనిషి నోట, పద పద అనే ఆ అరబ్బీ మాట వింటే నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి నాకు.

సుగుణమ్మ లోపలికి ఎక్కి నిలబడిపోయింది. సీటు లేదు. దేశాయ్ గారు ఒక్క క్షణం అటూ ఇటూ చూశారు. లేచి, తన సీటు చూపించారు. ఆమె వద్దంటుంటే, "నేను ప్రయాణికుణ్ణి కాను, కూర్చో బెహన్" అని ముందుకి నడిచి, డ్రైవరు పక్కన ఇంజిన్ మూత మీద చేతిరుమాలు పరుచుకుని కూర్చున్నారు. ఆ మూత ఎంత వేడిగా ఉంటుందో మాకు తెలుసు. పెర్రీ దొర ఏమీ ఎరగనట్టు తన ఆఖరి సీట్లోకి వెళ్ళి కూర్చున్నారు. బస్సు కదిలింది.

ఊరు దాటాక చాలాసేపు దేశాయ్ గారు రోడ్డునే చూస్తూ కూర్చున్నారు. మధ్య మధ్య కాలు మార్చి కూర్చుంటున్నారు. నేను నా మనసులో బస్సుకి నీళ్ళొదిలేశాను. ఉన్నట్టుండి ఆయన వెనక్కి తిరిగి నన్ను పిలిచారు.

"వచ్చే శుక్రవారం కూడా వస్తుందా ఈమె? అడుగు."

అడిగాను.

"బస్సుంటే వత్తానండి" అంది సుగుణమ్మ.

దేశాయ్ గారు మళ్ళీ రోడ్డు వైపు తిరిగి, "ఉంటుందని చెప్పు" అన్నారు.

తెలుగులో చెప్పాను. సుగుణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది. నా మాట పూర్తయ్యేలోపే వెనక సీట్లలో అదే ముక్క ఉర్దూలో వినిపించింది, తర్వాత మలయాళంలో, ఇంకా వెనక నేపాలీలో. ఆఖరి సీట్లో కూర్చున్న పెర్రీ దొరకి ఆ కబురు ఏ భాషలో అందిందో నాకు తెలియదు. ఆయన మాత్రం టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.